బార్ లేని సైకిల్: కొత్తవలస పెరట్లో తుప్పు పడుతున్న చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక పాత ఇనప వస్తువు గురించి.

మీ పెరట్లోనో, పశువుల సాల పక్కనో, మేడ మెట్ల కిందో ఒకసారి చూడండి. టైర్లు ఎండిపోయి, సీటు చిరిగిపోయి, చైను బిగుసుకుపోయి ఒక సైకిల్ గోడకి ఆనించి ఉందేమో. దానికి ముందు బార్ లేకపోతే, అంటే సీటు కింద నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా వెళ్ళే గొట్టం లేకపోతే, దాన్ని మనం లేడీస్ సైకిల్ అంటాం. వీడియో పూర్తయ్యేదాకా దాన్ని ఇనప సామాన్లవాళ్ళకి వెయ్యకండి. అంతే నేను అడిగేది.

ఎందుకంటే మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది. "ఇది మా తాత సైకిల్" అని తుడిచి దాచుకుంటాం. దాని మీద పాటలున్నాయి, కథలున్నాయి. మరి నాన్నమ్మ తొక్కిన సైకిలో? అమ్మ టెన్త్ క్లాసుకి వెళ్ళిన సైకిలో? అది చెల్లికి, తర్వాత పక్కింటి అమ్మాయికి, తర్వాత పాలు పోసే కుర్రాడికి వెళ్ళి, చివరికి తూకంలోకి పోతుంది. దాని పేరు మీద ఒక ఫొటో కూడా మిగలదు. ఆడవాళ్ళు ఒంటరిగా గడప దాటిన చరిత్రకి మన పల్లెల్లో సాక్ష్యం అంటూ ఉంటే, అది ఎక్కువగా ఈ ఇనుములోనే ఉంది.

అసలు ఆ బార్ ఎందుకు తీసేశారు?

1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి ఒకటి చేశాడు. పెడల్స్ లేవు. నేల మీద కాళ్ళతో తోసుకుంటూ పోవాలి. రెండేళ్ళు తిరక్కుండానే, 1819లో, లండన్‌లో డెనిస్ జాన్సన్ అనే బండ్ల తయారీదారు ఆడవాళ్ళ కోసం మధ్యలో కిందకి వంగిన మోడల్ ఒకటి చేశాడు. అంటే పెడల్ కంటే ముందే లేడీస్ మోడల్ పుట్టింది.

మనకి తెలిసిన సైకిల్ రూపం 1885లో వచ్చింది. ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిల్ అది. రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, చైనుతో వెనక చక్రం తిరుగుతుంది. 1888లో డన్లప్ గాలి టైర్ వచ్చింది. ఆ వెంటనే, 1880ల చివరికల్లా, బార్ కిందకి దించిన సైకిళ్ళు ఆడవాళ్ళ కోసం మార్కెట్లోకి వచ్చేశాయి.

ఇక్కడొక విషయం గమనించండి. బార్ తీసింది ఆడవాళ్ళ ఒంటి తీరు కోసం కాదు, బట్టల కోసం. నేల దాకా ఉండే గౌను వేసుకుని బార్ మీంచి కాలు తిప్పడం కుదరదు. అందుకే బార్ తీశారు, చైనుకి మూత పెట్టారు, వెనక చక్రానికి రెండు వైపులా వల కట్టారు. మన దగ్గరికి వచ్చేసరికి ఆ గౌను స్థానంలోకి చీర, పావడా ఓణీ వచ్చాయి. సమస్య మాత్రం అదే. పాత లేడీస్ సైకిల్ వెనక మడ్‌గార్డుకి అంచు పొడుగునా చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు వల కట్టేవారన్నమాట. ఆ బెజ్జాలు చూసి తుప్పు తినేసింది అనుకోకండి.

దీనికి ఒక ఖరీదు ఉంది. మామూలు సైకిల్ ఫ్రేమ్‌లో గొట్టాలన్నీ కలిసి త్రికోణాలుగా నిలబడతాయి. త్రికోణం అంత తేలిగ్గా వంగదు. పై బార్ తీసేస్తే ఆ బలం పోతుంది. దాన్ని భర్తీ చెయ్యడానికి కిందకి వాలుగా రెండు గొట్టాలు పక్కపక్కనే వేశారు, దళసరి ఇనుము వాడారు. బరువు పెరిగింది. 1894లో అమెరికాలో యానీ లండండెరీ అనే ఆవిడ సైకిల్ మీద ప్రపంచయాత్రకి బయల్దేరింది. మొదట ఎక్కింది లేడీస్ సైకిల్, బరువు 42 పౌండ్లు, అంటే 19 కిలోలు. షికాగో చేరేసరికి ఆ బరువు లాగలేక, అందులో సగం బరువున్న మగవాళ్ళ సైకిల్‌కి మారిపోయింది. సైకిల్‌తో పాటు గౌను కూడా మార్చాల్సి వచ్చింది. చూశారా, బట్ట మారితే గానీ బండి మారలేదు.

అదే కాలంలో మన విజయనగరంలో

సరిగ్గా అదే దశకంలో మన విజయనగరంలో ఏం జరుగుతోంది? 1892లో గురజాడ వారి కన్యాశుల్కం మొదటిసారి అక్కడ రంగం ఎక్కింది. 1897లో పుస్తకంగా వచ్చింది. చిన్నపిల్లల్ని డబ్బుకి ముసలివాళ్ళకి కట్టబెట్టే ఆచారం మీద ఆ నాటకం. అంటే అటు లండన్‌లో ఆడపిల్ల సైకిల్ ఎక్కొచ్చా లేదా అని పేపర్లలో వాదించుకుంటుంటే, ఇటు మన దగ్గర ఆడపిల్లని అమ్మొచ్చా లేదా అన్న దగ్గరే వాదన నడుస్తోంది. మధ్య దూరం అంత.

1893, 1896 మధ్యలో మన తూర్పుతీరం రైలు మార్గం దశలవారీగా తెరుచుకుంది. సైకిల్ కూడా పట్నాల నుంచే మనకి వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందు ఇక్కడ కనిపించిన మంచి సైకిళ్ళు ఎక్కువగా ఇంగ్లండ్‌వే. ర్యాలీ నాటింగ్‌హామ్‌ది. హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. మూడూ బర్మింగ్‌హామ్‌వి. బి.ఎస్.ఎ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, తుపాకులు చేసే కంపెనీ. అందుకే వాళ్ళ గుర్తులో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. ర్యాలీ గుర్తు కొంగ తల. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మనమే తయారుచెయ్యడం మొదలుపెట్టాం. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరు కేంద్రంగా టి.ఐ. సైకిల్స్ పుట్టింది. హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లు మన దేశంలో దాని చేతికే వచ్చాయి. బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ వచ్చింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. హీరో 1986కల్లా ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీ అయ్యింది. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది 2020 జూన్ 3న. ఆరోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

ఈ కంపెనీలు లేడీస్ మోడల్స్ చేశాయి గానీ, మన పల్లెల్లో అవి తక్కువ. కారణం తేలికే. ఇంటికి ఒక్క సైకిలే కొనగలిగినప్పుడు అది మగవాళ్ళ పేరు మీదే వస్తుంది. వడ్ల బస్తా వెయ్యాలి, బార్ మీద పిల్లోడు కూర్చోవాలి, వెనక కేరేజీ మీద ఇంటావిడ కూర్చోవాలి. "ఆడగుంటకి సైకిలేటి?" అన్న మాట ఉండనే ఉంది. లేడీస్ సైకిల్ కొన్నారంటే, ఆ ఇంట్లో ఒక ఆడమనిషి రోజూ ఒంటరిగా ఎక్కడికో వెళ్ళాల్సిన పని పుట్టిందని లెక్క. బడి, ఆస్పత్రి, ఆఫీసు, ఏదో ఒకటి. అందుకే ప్రతి పాత లేడీస్ సైకిల్ వెనకా ఇంట్లో ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం ఉంటుంది.

కొత్తవలస ఎందుకు?

మన వైపు ఊళ్ళ పేర్ల చివర "వలస" అని బోలెడు వింటాం. కొత్తవలస అంటే జనం కొత్తగా వచ్చి కుదురుకున్న ఊరు అని పేరులోనే ఉంది. విశాఖ, విజయనగరం మధ్య మెయిన్ లైన్ మీద ఉండే ఈ స్టేషన్ 1960లలో జంక్షన్ అయ్యింది. ఇక్కడి నుంచి అనంతగిరి కొండలెక్కి, బొర్రా గుహలు, అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లో కిరండూల్ దాకా వెళ్ళే కె.కె. లైన్ మొదలవుతుంది. బైలదిల్లా కొండల్లో ఇనప ఖనిజం దింపి, విశాఖ రేవు నుంచి జపాన్‌కి పంపడానికే ఆ లైన్ వేశారు.

జపాన్‌లో ఏ వీధిలో చూసినా ఒక రకం సైకిల్ కనిపిస్తుంది. బార్ లేదు, ముందు బుట్ట, వెనక పిల్లల సీటు. దాన్ని వాళ్ళు "మమాచారీ" అంటారు, అంటే అమ్మ సైకిల్. పేరుకే అమ్మ సైకిల్. కాలేజీ కుర్రాళ్ళు, ఆఫీసు మగవాళ్ళు, తాతలు అందరూ తొక్కుతారు. హాలెండ్‌లో అయితే దాని పేరు "ఓమాఫీట్స్", అమ్మమ్మ సైకిల్. అక్కడా అందరూ తొక్కుతారు. కొత్తవలస మీంచి వెళ్ళిన ఖనిజంలో ఎంత సైకిల్ అయ్యిందో ఎవరూ లెక్క చెప్పలేరు. కానీ ఆ సైకిల్ని వాళ్ళు నామోషీ లేకుండా తొక్కుతుంటే, మన దగ్గర మాత్రం ఒక కుర్రాడు లేడీస్ సైకిల్ ఎక్కితే ఇప్పటికీ నవ్వుతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనకి, పంచె కట్టుకున్న తాతకి, వెనక పాలక్యాన్లు కట్టుకునే అన్నకి అన్నిటికన్నా సుళువైన బండి అదే. ఎక్కేటప్పుడు కాలు వెనక నుంచి తిప్పక్కర్లేదు కదా.

జంక్షన్ ఊరు గనక కొత్తవలస లాంటి చోట సైకిల్‌కి ఇంకో పని కూడా ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి స్టేషన్ దాకా సైకిల్, అక్కడి నుంచి సీజన్ టికెట్‌తో రైలు. వెతికేవాళ్ళు ముందు చూడాల్సింది కూడా ఇలాంటి ఊళ్ళే.

సైకిల్ ఎక్కితే ఏమవుతుంది?

"ఒక సైకిల్‌తో ఏం మారిపోతుంది?" అనిపించొచ్చు. రెండు ఉదాహరణలు చెప్తాను.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. కలెక్టర్ షీలారాణి చుంకత్. చదువుతో పాటు ఆడవాళ్ళకి సైకిల్ కూడా నేర్పించాలని నిర్ణయించారు. కూలీలు, క్వారీ పనివాళ్ళు, నర్సులు, టీచర్లు వేల మంది నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మంది హ్యాండిళ్ళకి జెండాలు కట్టుకుని ఊరేగింపుగా వచ్చారు. ఈ సంగతి దేశానికి చెప్పింది జర్నలిస్టు పి. సాయినాథ్, మన వి.వి. గిరి గారి మనవడే. ఆయన రాసినదాంట్లో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు సరిపోక చాలామంది జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. కొందరైతే అదే మేలన్నారు, బార్ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని! అంటే ఇక్కడ అసలు సంగతి బార్ కాదు. చేతిలో సొంతంగా ఒక సైకిల్ ఉండటం.

రెండోది బీహార్. 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాని ఫలితం కొలిచి 2017లో ప్రచురించారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది బడి 3 కిలోమీటర్లు, అంతకన్నా దూరం ఉన్న ఊళ్ళలో. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ హైస్కూళ్ళ ఆడపిల్లలకి సైకిళ్ళు పంచారు. ఇప్పుడు మీ పెరట్లో ఉన్నది అదే అయ్యుండొచ్చు. అది కూడా చరిత్రే, కాకపోతే ఇంకా కొత్తది.

ఎక్కడ వెతకాలి, ఏం చూడాలి?

మొదట ఇల్లు, తర్వాత చుట్టాలిల్లు. ఆ తర్వాత బజార్లో పాత సైకిల్ షాపు. ఊళ్ళో సైకిల్ మెకానిక్ ముసలాయన ఉంటే ఆయనకి ఏ ఇంట్లో ఏ సైకిల్ ఉందో నోటికి వచ్చు. చివరగా ఇనప సామాన్ల కొట్టు. అక్కడ సైకిల్‌ని తూకం లెక్కన కొంటారు గనక, తూకం ధర కంటే కాస్త ఎక్కువిస్తామంటే సాధారణంగా ఇస్తారు. ఒక జాగ్రత్త. సైకిల్‌కి ఆర్.సి. ఉండదు కదా, కాబట్టి అమ్మినవాళ్ళ దగ్గర కాగితం మీద రసీదు రాయించుకుని, ఫ్రేమ్ నంబర్ అందులో వేయించండి. ఆ నంబర్ సీటు గొట్టం దగ్గరో, పెడల్ ఇరుసు కిందో చెక్కి ఉంటుంది. దొంగ సైకిల్ గొడవ మన మెడకి చుట్టుకోకూడదు.

కొనేముందు మూడు చూడండి. ఒకటి, ముందు ఫోర్కు. పక్కనుంచి చూస్తే కాళ్ళు వెనక్కి నొక్కుకుపోయి ఉంటే బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుందని అర్థం. రెండు, వాలు గొట్టాలు సీటు గొట్టాన్ని కలిసే చోటు. పై బార్ లేదు గనక బరువంతా అక్కడే పడుతుంది. రంగు మీద సన్నటి గీత కనిపిస్తే గోటితో గీకి చూడండి, పగులైతే వదిలేయండి. మూడు, రిమ్ములు. టైర్ తీసి లోపల చూడకుండా బాగున్నాయనుకోవద్దు.

వయసు కనిపెట్టడానికి ముందు హ్యాండిల్ కింద ఉన్న బిళ్ళ చూడండి. కొంగ తల ఉండి ఇంగ్లండ్ అని ఉంటే ఒక కథ, సేన్-ర్యాలీ అని ఉంటే ఇంకో కథ. మన అదృష్టం బాగుండి వెనక చక్రం మధ్యలో స్టర్మీ-ఆర్చర్ గేర్ హబ్ ఉంటే, దాని మీద తయారైన సంవత్సరం రెండంకెల్లో గుద్ది ఉండే అవకాశం ఉంది. మడ్‌గార్డు మీదో హ్యాండిల్ దగ్గరో చిన్న రేకు బిళ్ళ కనిపిస్తే, అది మునిసిపాలిటీకో పంచాయితీకో కట్టిన సైకిల్ పన్ను బిళ్ళ. అవును, ఒకప్పుడు సైకిల్‌కి కూడా పన్ను కట్టేవాళ్ళు. ఆ బిళ్ళ మాత్రం పారేయకండి, అదే మీ సైకిల్ బర్త్ సర్టిఫికెట్.

బాగు చెయ్యడం ఎలా?

పానా పట్టుకునే ముందు ఫోన్ పట్టుకోండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్యండి. ఏ వాషర్ ఏ నట్టు కింద ఉందో రేపటికి మీకు గుర్తుండదు.

మన మెకానిక్కులు సైకిల్ మొత్తం విప్పి బిగించడాన్ని "ఓవరాయిలింగ్" అంటారు. ఓవర్‌హాలింగ్ అన్న మాట మన నోట్లో అలా అయ్యింది. పాత సైకిల్‌లో దానికి అడ్డుపడేది కాటర్ పిన్ను. పెడల్ కర్రని ఇరుసుకి బిగించే చిన్న మేకు అది. నేరుగా సుత్తి పెడితే మొన నలిగి ఇక రానే రాదు. తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి. నట్టుని మర చివరి దాకా వదులు చెయ్యండి గానీ పూర్తిగా తియ్యకండి. పెడల్ కర్ర కింద గట్టి ఇనప గొట్టం ఆనించి, అప్పుడు ఒక్కటే గట్టి దెబ్బ. కొత్త పిన్ను సైకిల్ షాపులో చౌకగానే దొరుకుతుంది.

లోపల ఉన్న ఇనప గుళ్ళన్నీ మార్చేయండి, కొత్త గ్రీజు పెట్టండి. అవి తిరిగే కప్పులు మాత్రం బాగుంటే అలాగే ఉంచండి. ర్యాలీ వాళ్ళు తమ సైకిళ్ళకి అంగుళానికి 26 మరలు వేసేవారు, మిగతా ఇంగ్లీషు కంపెనీలు 24. తేడా తెలీక కొత్త కప్పు బలవంతంగా తిప్పితే ఫ్రేమ్ మరే పాడైపోతుంది.

టైర్ కొనేటప్పుడు "26 సైజు ఇవ్వు" అంటే సరిపోదు. 26లోనే రకాలున్నాయి. పాత టైర్ పక్కన చిన్న అక్షరాలతో ఉన్న నంబర్ చదవండి. 28 × 1½ అయితే రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, 26 × 1⅜ అయితే 590. చైను సంగతి స్కేలుతో తేల్చేయొచ్చు. 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగినా మార్చాల్సిందే.

రాడ్ బ్రేకులుంటే తీసేసి వైరు బ్రేకులు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి వైపుకి నొక్కుకుంటాయి. ఆ రిమ్ము తయారైందే వాటి కోసం. రబ్బరు మార్చి, రాడ్లు సరిచేస్తే బాగానే పనిచేస్తాయి. కాకపోతే వానలో రిమ్ము తడిస్తే ఆలస్యంగా పట్టుకుంటాయి, అది గుర్తుంచుకుని తొక్కండి.

ఇక రంగు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఫ్రేమ్ మొత్తం గీకేసి తళతళలాడే స్ప్రే కొట్టేస్తారు. అంతటితో ఆ సైకిల్ వయసు చెరిగిపోతుంది. పాత ఫ్రేమ్ మీద సన్నటి బంగారు గీతలుంటాయి, స్టిక్కర్లుంటాయి. థిన్నర్, పెట్రోల్ తగిలితే అవి లేచిపోతాయి. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, పైన పలచగా మైనం పాలిష్, అంతే చాలు. క్రోమ్ మీద తుప్పుకి అల్యూమినియం ఫాయిల్ నలిపి తడిపి రుద్దండి. ఇత్తడి బిళ్ళకి, బెల్లుకి మన చింతపండు ఉండనే ఉంది.

ఫ్రేమ్ మీద లేని చరిత్ర

ఇంత చేశాక కూడా ఒక పని మిగులుతుంది. తుప్పు వదిలించొచ్చు, గుళ్ళు మార్చొచ్చు. కానీ ఈ సైకిల్ ఎవరిది, ఏ సంవత్సరం కొన్నారు, ఎవరు కొనిపెట్టారు, ఎవరు వద్దన్నారు, మొదటిరోజు ఎక్కడికి వెళ్ళారు, ఎందుకు ఆపేశారు, ఇవేవీ ఫ్రేమ్ మీద ఉండవు. ఆ చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది ఆడవాళ్ళ సైకిల్ ఆగిపోయింది పంక్చర్ వల్ల కాదు. పెళ్ళి వల్ల, టెన్త్ తర్వాత చదువు మాన్పించడం వల్ల, "ఇంక బాగోదు" అన్న ఒక్క మాట వల్ల. మ్యూజియంలో రాజుల కత్తులుంటాయి గానీ ఈ మాట ఉండదు. ఇది చెప్పగలిగేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు, వాళ్ళ వయసు పెరుగుతోంది.

కాబట్టి ముందు అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, అమ్మనో నాన్నమ్మనో పెద్దమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. సైకిల్ బాగుచెయ్యడం తర్వాతైనా చెయ్యొచ్చు. బాగయ్యాక గోడకి వేలాడదీయకండి, తొక్కండి. మీరు అబ్బాయైనా సరే తొక్కండి. వీలైతే మొదటి రౌండు మాత్రం ఆ సైకిల్ ఎవరిదో వాళ్ళని తొక్కమనండి.